జ్వరం లేకుండానే సూది ఎందుకు?

పిల్లలూ,

దేవరకొండ దిక్కు తండాలో నాలుగో తరగతి చదివే పాప అడిగింది: "తాతా, మా చెల్లె మంచిగనే ఆడుకుంటుండె. నర్సమ్మ సూది ఏసింది, రాత్రికి ఒళ్లు కాలింది. రోగం లేనోళ్లకు సూది ఎందుకు?"

గట్టి ప్రశ్నే. దీనికి జవాబు చెప్పేవాళ్లు లేకనే కొందరు తల్లులు సూది రోజున బిడ్డను చంకనేసుకొని చేను దారి పడతారు.

పల్లిచేనుకు మంచె మీద కావలి ఉంటారు కదా. కొత్తగా వచ్చిన కావలివాడు అడవిపందిని ఎన్నడూ చూసి ఉండడు. చీకట్లో ఏదో కదిలితే కుక్క అనుకుంటాడు. తేరుకునేసరికి సగం చేను పోతుంది. అందుకే పెద్దలు ముందే వాడికి పంది అడుగులు, మూతితో పెళ్లగించిన మట్టి చూపిస్తారు. మన ఒంట్లో రోగాన్ని అడ్డుకునే బలమే ఆ కావలివాడు, రోగం తెచ్చే క్రిమే పంది. టీకా చేసేదీ ఇదే. కొన్ని టీకాల్లో అడుగుజాడే ఉంటుంది, కొన్నింట్లో చచ్చిన పంది, తట్టు టీకాలోనైతే కోరలూడిన పంది! అది చూసి కావలివాడు రాత్రంతా డబ్బా కొట్టి అరుస్తాడు. ఆ గోలే మీ చెల్లె జ్వరం; ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. వాడు మళ్లీ కునుకు తీస్తాడు కాబట్టి బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో మళ్లీ మళ్లీ చూపించాలి. తట్టు టీకా 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల లోపు ఇంకొకటి. ఒక్క చేనుకు కావలి లేకున్నా పంది అందులోంచే పక్క చేన్లకు దూరుతుంది. మరి పోలియో చుక్కలు నోట్లో ఎందుకు వేస్తారంటారా? నా మంచె పోలిక అంతదాకా రాదు, దిగుదాం.

1960ల్లో మా ఊళ్లో మశూచి వస్తే "పోచమ్మ పోసింది" అని మా అవ్వ గడపకు వేపకొమ్మలు కట్టేది, బయటివాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. ఆమెను చూసి నవ్వొద్దు, ఆమె చేతిలో ఉన్న కాపుదల అదే. టీకాల సారు వస్తున్నాడంటే పిల్లలం గడ్డివాముల చాటుకు ఉరికేవాళ్లం. ఆయన పళ్లున్న చిన్న ఇనుప ముక్కను చేతి మీద ఆనించి గిర్రున తిప్పేవాడు. ఆ మచ్చ నాకింకా ఉంది, రూపాయి బిళ్లంత, నడుమ ముడతలు. మీ తాతల చేతులు కూడా చూడండి. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, 1980లో లోకంలోనే లేదని ప్రకటించారు. సహజ పోలియో క్రిమి కూడా 2011 జనవరిలో బెంగాల్‌లో ఒక పాపకు వచ్చాక మళ్లీ ఇక్కడ కాలు పెట్టలేదు.

మీకో పని. పాలమూరు నుంచి పుణె, ముంబై పనులకు పోయే ఇండ్లల్లో బట్టలు, గిన్నెలు మూటకెక్కుతాయి, టీకా కార్డు మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. మీకు చదువొచ్చు. మూట కట్టేనాడే కార్డు తీసి, తర్వాతి తేదీ అమ్మకు చదివి వినిపించండి. ఏ ఊళ్లోనైనా అంగన్‌వాడీకి పోయి అడగవచ్చు.

వచ్చే బుధవారమో శనివారమో ఆశక్క పిలిస్తే మీరూ పోండి. సిస్టర్ డబ్బాలో ఐసు ప్యాకుల మధ్య సీసాలుంటాయి, 2 నుంచి 8 డిగ్రీల చలిలో. ఒక సీసా చూపించమనండి. దాని మీద చిన్న గుండ్రం, గుండ్రంలో చదరం ఉంటుంది. వేడి తగిలినకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. గుండ్రం కంటే తెల్లగా ఉందా, మందు వేయొచ్చు. రెండూ ఒకే రంగుకొచ్చాయా, పారేయాలి. గోరంత లేదు, దారిపొడుగునా తగిలిన వేడినంతా లెక్క కట్టుకుంటూ వస్తుంది! చూసి జరగండి, వెనక పసిపిల్లల తల్లులుంటారు.

మీ తాత