తిథికి రెండు గడియలు

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు రాశారు. "నీల్ ద్వీపంలో రాతి వంతెన కింద మీరు పొడి కాళ్లతో నిలబడిన ఫోటో చూశాను. మేము వెళ్తే అక్కడ మోకాళ్ల పైదాకా నీళ్లు. ముందుకు పోవద్దని గైడు ఆపేశాడు. మేము తప్పు సీజన్‌లో వెళ్లామా?" అని.

ఏ రోజు, ఏ వేళకు వెళ్లారో అడిగి, పంచాంగం తీసి చూశాను. బహుళ అష్టమి, మధ్యాహ్నం మూడున్నర. జవాబు అక్కడే దొరికింది.

నీల్ ద్వీపం అండమాన్‌లో ఉంది. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి ఓడలో రెండు గంటల లోపే. 2018లో దాని పేరు షహీద్ ద్వీప్‌గా మార్చారు. దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడి ఊళ్లకు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు పెట్టుకున్నాయి. ఈ పేర్లే బీచ్‌లకూ వచ్చాయి. ఆ రాతి వంతెనను కూడా వాళ్లు హౌరా బ్రిడ్జి అంటారు. ద్వీపం చిన్నది, రోడ్లు పెద్దగా ఎత్తుపల్లాలు లేనివి. అద్దె సైకిల్ ఒకటి ఉంటే బీచ్‌లన్నీ ఒక్క రోజులో తిరిగేయొచ్చు. ఏ బీచ్‌కి ఏ వేళకు వెళ్లాలన్నదే అసలు లెక్క.

నేను వెళ్లింది బహుళ తదియ నాడు. తెల్లవారుజామున ఐదుంబావుకే సైకిల్ ఎక్కాను. అండమాన్‌లో తొందరగా తెల్లారుతుంది. మన గడియారం నడిచే రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. అందుకే అక్కడి సూర్యుడు మన గడియారం కంటే 40 నిమిషాలు ముందుంటాడు. వంతెన దగ్గరికి చేరేసరికి సముద్రం దూరంగా వెనక్కి పోయి, పగడపు రాతి నేల బయటపడి ఉంది. రాళ్ల గుంటల్లో నీళ్లు అద్దంలా నిలిచాయి. ఒక గుంటలో నల్లటి సముద్ర దోసకాయ, అది దోసకాయ కాదు, ప్రాణి, సోమరిగా పడుకుని ఉంది. ఇంకో గుంటలో పెద్ద ఆల్చిప్ప నోరు తెరిచి ఉంది. దాని అంచు నీలం, ఊదా కలిసిన మఖమల్ గుడ్డలా ఉంది. నా నీడ మీద పడగానే చటుక్కున మూసుకుంది. కదలకుండా కూర్చుంటే, కాసేపటికి మళ్లీ మెల్లగా తెరిచింది. ఆ రంగు దాని చర్మంలో కాపురముండే సూక్ష్మమైన శైవలాల కోసం చేసుకున్న ఏర్పాటు. అవి ఎండతో తిండి వండుతాయి, ఆల్చిప్ప పంచుకుంటుంది.

ఆ గుంటల్ని అలా చూడగలిగింది తదియ కాబట్టే.

చంద్రుడు నీళ్లను లాగుతాడు, రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు అన్నది అందరూ బడిలో చదివిందే, వదిలేస్తాను. నాకు ఇష్టమైనది తిథి. సూర్యుడి నుంచి చంద్రుడు ఎన్ని డిగ్రీలు దూరం జరిగాడో చెప్పేది తిథి. ప్రతి 12 డిగ్రీలకు ఒకటి. మన పెద్దలు రోజును 60 గడియలు చేశారు. భూమి ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు తిరగడానికి 60 గడియలు పడితే, 12 డిగ్రీలు తిరగడానికి ఎంత పడుతుంది? సరిగ్గా రెండు గడియలు, 48 నిమిషాలు. చంద్రుడు తిథికి 12 డిగ్రీలు వెనకబడతాడు కాబట్టి, మన తీరం మళ్లీ అతని ఎదుటికి రావడానికి భూమి ఇంకో రెండు గడియలు తిరగాలి. అంటే పోటు తిథికి రెండు గడియలు ఆలస్యమవుతుంది.

ఇప్పుడు దీన్ని సాగదీయండి. పౌర్ణమి నుంచి అమావాస్యకు 15 తిథులు. 15 సార్లు రెండు గడియలంటే 30 గడియలు, పన్నెండు గంటలు. పోట్లు ఉజ్జాయింపుగా పన్నెండేసి గంటలకు వస్తాయి కాబట్టి, అమావాస్య పోటు మళ్లీ పౌర్ణమి పోటు వేళకే వచ్చి కూర్చుంటుంది! మధ్యలో, అష్టమి దగ్గర, ఆలస్యం ఆరు గంటలు. పౌర్ణమి నాడు ఏ వేళకు సముద్రం వెనక్కి పోతుందో, అష్టమి నాడు సరిగ్గా ఆ వేళకు నిండుగా ఉంటుంది. కాబట్టి ఏ రేవులోనైనా పౌర్ణమి పోటు వేళ ఒక్కటి తెలిస్తే నెలంతా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల అది సుమారు తొమ్మిదిన్నర, పది మధ్య. ఆటు దానికి ఆరు గంటల అవతల, మూడున్నర, నాలుగు మధ్య. తదియకు రెండు గంటలు కలపండి: ఆరుకు కాస్త అటూ ఇటూ. నాకు దొరికిన వేళ అదే. ఆ పాఠకురాలు వెళ్లిన అష్టమి మూడున్నరకు మాత్రం అక్కడ దాదాపు నిండు పోటు.

రెండు గడియలన్నది సగటు. సూర్యుడు కూడా లాగుతాడు కాబట్టి పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆలస్యం 40 నిమిషాలకు తగ్గుతుంది, అష్టమి దగ్గర గంట దాటుతుంది. సూర్యుడు చంద్రుడి కంటే 2.7 కోట్ల రెట్లు బరువు, 389 రెట్లు దూరం. పోటు పుట్టించే బలం దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది. 389 ఘనం దాదాపు 5.9 కోట్లు. భాగిస్తే 0.46. చంద్రుడి పోటు ఒకటైతే సూర్యుడిది 0.46 అన్నమాట. ఇద్దరూ ఒకే వరుసలో ఉంటే 1.46, లంబంగా ఉంటే 0.54. ఈ రెంటికీ నిష్పత్తి 2.7. పౌర్ణమికి రెండు మీటర్లు ఎక్కి దిగే నీరు అష్టమికి ముప్పావు మీటరే కదులుతుంది. అందుకే అష్టమి నాడు ఆటు వేళకు వెళ్లినా వంతెన కింది గుంటలు పూర్తిగా బయటపడవు.

పౌర్ణమి, అమావాస్యల పోట్లకు మన భూగోళ పుస్తకాల్లో 'పర్వవేలలు' అని పేరు. బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. పర్వం అంటే కణుపు అనీ, చెరకు గడకు ఉన్నట్టు నెలకు ఉన్న కణుపులే అమావాస్య, పౌర్ణమి అనీ, పర్వదినంలో ఉన్నది అదే మాట అనీ ఏ క్లాసులోనూ చెప్పలేదు. చెప్పి ఉంటే బట్టీ పట్టే పనే ఉండేది కాదు. మాఘ పౌర్ణమికీ, కార్తీక పౌర్ణమికీ మన తీరమంతా సముద్ర స్నానాలకు జనం దిగుతారు. నెలలో నీరు ఎక్కువగా కదిలే రోజులు అవే. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి అమావాస్యకు మనిషికీ పోటు వస్తుందని కొందరు నమ్మకంగా చెబుతారు. పోటుకు కారణం భూమికి ఈ పక్కన, ఆ పక్కన చంద్రుడి లాగుడులో ఉన్న తేడా. ఆ రెండు పక్కల మధ్య 12,700 కిలోమీటర్లు. మన తలకూ కాళ్లకూ మధ్య రెండు మీటర్లు కూడా లేదు. ఊరి చెరువులో కంటికి కనబడని పోటు మన ఒంట్లో ఎలా వస్తుంది?

ఆ రోజు మిగతాదంతా కూడా నీటి వేళ ప్రకారమే నడిచింది. తొమ్మిదింటికి సీతాపూర్‌లో అలలు ఎక్కుతున్నాయి. సన్యాసి పీతలు అరువు గవ్వల్ని మోసుకుంటూ చెట్ల నీడకు పరుగులు తీస్తున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు భరత్‌పూర్‌లో నిండు పోటు. ఆటు వేళ అక్కడ రాళ్లు గీసుకునే లోతు మాత్రమే ఉంటుంది. పోటుకు హాయిగా తేలుతూ కింద చేపల్ని చూశాను. సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో సూర్యుడు దిగే వేళకు సముద్రం మళ్లీ వెనక్కి పోతోంది. తడి ఇసుక మీద చాలా దూరం నడిచాను.

అమ్మా, మీరు దసరా సెలవుల్లో మళ్లీ వెళ్తామన్నారు. విదియ నుంచి పంచమి లోపల ఏ పక్షమైనా సరే, తెల్లవారగానే వంతెన దగ్గర ఉండండి. సెలవుల్లో శుద్ధ తదియ, చవితి ఎలాగూ వస్తాయి. పగడపు రాయి కోస్తుంది, గట్టి చెప్పులు వేసుకోండి. గవ్వలు, పగడాలు ఏవీ తేకండి, చట్టం ఒప్పుకోదు. ఆ నీలం ఆల్చిప్ప రాతిని పట్టుకుని ఉండే జాతి, చోటు మారదు. వంతెన దాటాక కుడి పక్క మూడో గుంట. నీడ పడకుండా కూర్చుంటే తెరుచుకుంటుంది.