టెక్సస్‌లో ఓటు, జార్జియాలో ఓటు

మా పెద్దమ్మ కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. నాతో డిగ్రీ చదివిన ఫ్రెండ్ ఒకడు అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాడు. ఇద్దరూ అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నారు, ఇద్దరికీ ఓటుంది. 2024 అక్టోబర్‌లో ఇద్దరితోనూ మాట్లాడాను. ఫ్రెండ్‌కి ఊపిరి సలపట్లేదు, ఫోన్ నిండా మెసేజ్‌లు, పోస్ట్ డబ్బా నిండా కరపత్రాలు, శనివారం పొద్దున్నే తలుపు కొట్టి మరీ ప్రెసిడెంట్‌గా ఎవరికి వేస్తారని అడుగుతున్నారట. అన్నయ్యకి వచ్చిన మెసేజ్‌లేమో అన్నీ సెనేట్ సీటు గురించే. "ప్రెసిడెంట్ ఓటు మమ్మల్ని ఎవరడుగుతార్రా, టెక్సస్ ఎటు పోతుందో అందరికీ తెలిసిందేగా" అన్నాడు. ఒకే దేశం, ఒకే పదవి, ఒకే రోజు ఓటింగ్. అయినా ఫ్రెండ్ ఓటుకున్న విలువ అన్నయ్య ఓటుకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమెరికాలో ప్రెసిడెంట్‌ని జనం నేరుగా ఎన్నుకోరు. ప్రతి రాష్ట్రానికీ కొంతమంది ఎలక్టర్లు ఉంటారు, ప్రెసిడెంట్‌కి ఓటేసేది వాళ్లే. ఆ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభలో ఎంతమంది ఉంటే అంతమంది, దానికి ఇద్దరు సెనేటర్ల లెక్క కలుపుతారు. రాజధాని వాషింగ్టన్‌కి ఇచ్చిన 3 కూడా కలిపితే మొత్తం 538. అందులో 270 వచ్చినవాళ్లు గెలిచినట్టు.

దీన్ని తప్పుపట్టేవాళ్లు సాధారణంగా వయోమింగ్ దగ్గర మొదలుపెడతారు. 2020 జనగణన ప్రకారం అక్కడ జనం దాదాపు 5 లక్షల 77 వేలు, ఎలక్టర్లు 3. అంటే ఒక ఎలక్టర్‌కి లక్షా 92 వేల మంది. కాలిఫోర్నియాలో 3 కోట్ల 95 లక్షల మందికి 54 ఎలక్టర్లు, అంటే ఒక్కొక్కరికి 7 లక్షల 32 వేల మంది. జనాభాని బట్టి చూస్తే వయోమింగ్ మనిషి కాలిఫోర్నియా మనిషికి దాదాపు నాలుగింతలు. లెక్క తప్పు కాదు, అన్యాయమూ నిజమే. కానీ అసలు రోగం అక్కడ లేదని నా నమ్మకం. వయోమింగ్‌కి అంత విలువే ఉంటే అభ్యర్థులు అక్కడ సభలు పెట్టాలి కదా? ఎవరూ పెట్టరు. 2024లో ప్రచారం దాదాపు అంతా ఏడు రాష్ట్రాల్లోనే తిరిగింది: పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. వీటిలో పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. వీటన్నిటికీ ఉన్న పోలిక ఒక్కటే, ఎటు మొగ్గుతాయో ముందు తెలియదు.

అసలు రోగం ఏంటంటే, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అక్కడి ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే పోతారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. 2020లో ట్రంప్‌కి కాలిఫోర్నియాలో 60 లక్షల ఓట్లు వచ్చాయి, ఆయన గెలిచిన టెక్సస్‌లో వచ్చినవాటికన్నా కూడా ఎక్కువ. ఆ 60 లక్షల ఓట్లకి ఒక్క ఎలక్టర్ కూడా రాలేదు. అదే ఏడాది బైడెన్‌కి టెక్సస్‌లో 52 లక్షలకు పైగా వచ్చాయి, ఆయన గెలిచిన న్యూయార్క్‌కన్నా కొంచెం ఎక్కువే. వాటికీ సున్నా.

మన ఊళ్లతో చెప్తాను. మూడు వార్డులు, వార్డుకి 101 ఓట్లు. రెండు వార్డుల్లో 51 చొప్పున తెచ్చుకుని, మూడో దాంట్లో ఒక్క ఓటు కూడా రాకపోయినా, రెండు వార్డులు గెలిచినవాడే గెలిచినట్టు. 303 ఓట్లలో 102 తో గెలుపు, 201 తో ఓటమి. 2016లో జరిగింది ఇలాంటిదే. హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి, కానీ మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ మూడూ కలిపి 78 వేల లోపు మెజారిటీతో ట్రంప్‌కి వెళ్లాయి, పదవీ వాటితోనే వెళ్లింది.

ఓటు విలువని కొలవొచ్చా? కొలవొచ్చు. మిగతా అందరి ఓట్లూ పడ్డాక, నా ఒక్క ఓటుతో ఫలితం తారుమారయ్యే అవకాశం ఎంత అన్నదే కొలత. గణాంక నిపుణుడు ఆండ్రూ గెల్మన్, ఎన్నికల అంచనాలు వేసే నేట్ సిల్వర్, ఆర్థికవేత్త ఆరన్ ఎడ్లిన్ కలిసి 2008 ఎన్నికకి ఈ లెక్క వేశారు. దేశంలో సగటు ఓటరుకి ఆ అవకాశం దాదాపు 6 కోట్లలో ఒకటి. న్యూ మెక్సికో, వర్జీనియా, న్యూ హాంప్‌షైర్, కొలరాడోల్లో మాత్రం దాదాపు కోటిలో ఒకటి. ఫలితం ముందే తేలిపోయిన చోట్ల ఆ సగటు కూడా లేదు. రెండూ చిన్న సంఖ్యలే, ఎవరి ఒక్క ఓటుతోనో దేశం మారిపోదు, కానీ పౌరుడికీ పౌరుడికీ మధ్య ఇంత తేడా ఉండటం, అదీ వాళ్లు ఏ రాష్ట్రంలో ఇల్లు కొనుక్కున్నారనే దాన్ని బట్టి ఉండటం నాకు మింగుడుపడదు.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. ఒక్క ఓటు ఎక్కువొస్తే అంతా వాళ్లదే అన్న ఈ రూలు అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎలక్టర్లని ఎలా నియమించుకోవాలో రాష్ట్రాల శాసనసభల ఇష్టమని మాత్రమే అందులో ఉంది. 1796 ప్రెసిడెంట్ ఎన్నికలో జెఫర్సన్ ఆడమ్స్ చేతిలో 71-68 ఎలక్టర్ ఓట్లతో ఓడిపోయాడు. జెఫర్సన్ సొంత రాష్ట్రం వర్జీనియాలో అప్పుడు ఎలక్టర్లని జిల్లాలవారీగా (మన నియోజకవర్గాల్లాంటివి) ఎన్నుకునేవారు, అందుకే ఒక ఎలక్టర్ ఆడమ్స్‌కి పడ్డాడు. 1800 ఎన్నికకి ముందే వర్జీనియా చట్టం మార్చేసి అన్నీ ఒకరికే వచ్చేలా చేసుకుంది. ఒక రాష్ట్రం అలా చేస్తే పక్క రాష్ట్రం ఊరుకోదు కదా, 1836 నాటికి సౌత్ కరోలినా తప్ప అన్నీ అదే దారి పట్టాయి. అంటే ఇది పార్టీలు ఒకదాన్ని చూసి ఒకటి చేసుకున్న ఏర్పాటు.

మన రాష్ట్రపతి ఎన్నికా పరోక్షమే. కానీ మనవాళ్లు రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో, మళ్లీ వెయ్యితో భాగించి ఓటుకి విలువ కడతారు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. మనిషికి మనిషి సమానంగా ఉండాలన్న ఆలోచన ఆ భాగాహారంలోనే ఉంది. పైగా రాష్ట్రం మొత్తం ఒకరికే పోదు, ఏ ఎమ్మెల్యే ఓటు ఆ ఎమ్మెల్యేదే. ఇందులోనూ లోపముంది, లెక్కకి ఇప్పటికీ 1971 జనాభానే వాడుతున్నాం.

మరి అమెరికాలో దారేంటి? నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగాన్ని సవరించడం అన్నిటికన్నా శుభ్రమైన పని. దాదాపు అయింది కూడా. 1969 సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ 338-70 తో ఒప్పుకుంది, ప్రెసిడెంట్ నిక్సన్ మద్దతిచ్చాడు, కానీ 1970లో సెనేట్‌లో కొందరు సభ్యులు చర్చని సాగదీసి, ఓటింగ్‌కే రాకుండా ఆపేశారు. ఇప్పుడు ఉభయ సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవడం చాలా కష్టం. జిల్లాలవారీగా పంచుకోవచ్చు కదా అంటారు కొందరు. దాంతో జిల్లా గీతలు గీసే పార్టీ చేతికి ప్రెసిడెంట్ పదవి కూడా ఇచ్చినట్టవుతుంది, నేను దానికి ఒప్పుకోను.

రాజ్యాంగాన్ని ముట్టుకోకుండా చేసే పని ఒకటి నడుస్తోంది. కొన్ని రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి: మా రాష్ట్రంలో ఎవరు గెలిచినా సరే, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే మా ఎలక్టర్లందరినీ ఇస్తాం, కానీ ఒప్పందంలో చేరిన రాష్ట్రాల ఎలక్టర్లు 270 కి చేరాకే ఇది అమల్లోకి వస్తుంది. 2007లో మేరీల్యాండ్ మొదటగా చేరింది. 2024లో మెయిన్ చేరేసరికి 17 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ కలిపి 209 అయ్యాయి. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంట్) అనుమతి లేకుండా రాష్ట్రాలు ఇలా ఒప్పందం చేసుకోవచ్చా అన్న ప్రశ్న ఒకటుంది, అది కోర్టుకి వెళ్లడం ఖాయం.

దేశం మొత్తం ఓట్లతో గెలుపు తేలిస్తే పెద్ద నగరాలే ప్రెసిడెంట్‌ని తేలుస్తాయని భయపెడతారు. అమెరికాలోని వంద పెద్ద నగరాల జనాభా మొత్తం కలిపినా దేశంలో సుమారు ఐదో వంతే. ఇంకో భయం, ఓట్లు మళ్లీ లెక్కించాలంటే దేశమంతా లెక్కించాలని. 2000లో ఫ్లోరిడా గుర్తుందా? అధికారులు పంచ్ కార్డులని ఒక్కొక్కటిగా వెలుతురుకి పట్టి, రంధ్రం దగ్గర తెగీ తెగకుండా వేలాడుతున్న కాగితం ముక్కని భూతద్దంతో చూస్తూ ఇది ఓటా కాదా అని వారాల తరబడి వాదించుకున్నారు. అక్కడ బుష్ మెజారిటీ 537 ఓట్లు. దేశం మొత్తం మీద అల్ గోర్‌కి 5 లక్షల 40 వేలకు పైగా ఎక్కువొచ్చాయి, ఆ లెక్కలో ఏ వివాదమూ లేదు. ఓట్లని 51 కుండల్లో పోసి విడివిడిగా లెక్కిస్తే ఏదో ఒక కుండలో హోరాహోరీ తప్పదు, అన్నీ ఒకే గంగాళంలో పోస్తే అది చాలా అరుదు. 1900 నుంచి ఇప్పటిదాకా దేశం మొత్తం మీద అతి తక్కువ తేడా 1960లో కెనడీది, అదీ లక్షకు పైనే.

ఇదంతా డెమోక్రాట్ల గోల అనుకునేవాళ్లకి 2004 చెప్తాను. ఆ ఏడాది రిపబ్లికన్ బుష్‌కి దేశం మొత్తం మీద డెమోక్రాట్ కెర్రీకన్నా 30 లక్షల ఓట్లు ఎక్కువ. ఒహాయోలో మాత్రం తేడా లక్షా 18 వేలే. అక్కడ 60 వేల మంది ఇటు వేసింది అటు వేసి ఉంటే, 30 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న బుష్ దిగిపోయి కెర్రీ 271 తో ప్రెసిడెంట్ అయ్యేవాడు. ఈ మాట అన్నయ్యకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఒప్పందంలో టెక్సస్ లేదు కదా?" అని అడిగాడు. లేదని చెప్పాను. "అది 270 కి చేరితే మా టెక్సస్ చేరకపోయినా నా ఓటు లెక్కలోకి వస్తుందా?" అన్నాడు. వస్తుంది.