మూత కింది నల్లి

బెంగళూరు పక్కనున్న హొసకోటె దగ్గర మామిడి తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న చింతామణి ఊరి రైతు ఒకరు మొన్న ఫోను చేశారు. "అన్నా, నల్లి మందుగా ఆక్సాలిక్ యాసిడ్ పోసి పన్నెండు రోజులే అయింది, నల్లి మళ్లీ కనిపిస్తోంది. మందులో కల్తీ ఉందంటారా?"

మరునాడు వెళ్లి ఒక ఫ్రేము తీశాం. పోతు (మగ) ఈగల పిల్లలు పెరిగే గదుల మీది మైనపు మూతలను ముళ్ల పనిముట్టుతో ఎత్తితే తెల్లటి పిల్లలు బయటపడ్డాయి. వాటి కళ్లు అప్పుడే గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. ఒకదాని పొట్టను అంటిపెట్టుకుని చిన్న ఆవగింజంత నల్లి ఉంది. తేనెటీగల మీద బతికే ఈ నల్లి పేరు వరోవా. పీతలాగా పొడవు కంటే వెడల్పు ఎక్కువ, రంగు ముదురు ఎరుపు. కొన్ని గదుల్లో రెండేసి ఉన్నాయి. మందులో కల్తీ లేదు. అది మూత దాటి లోపలికి వెళ్లలేదు, అంతే.

దీన్ని చాలామంది విదేశీ తెగులు అనుకుంటారు. నిజానికి వరోవా ఆసియాదే. జావాలో సేకరించిన నమూనాలను చూసి డచ్చి శాస్త్రవేత్త ఔడెమన్స్ 1904లో దానికి పేరు పెట్టాడు. అప్పుడది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన పుట్ట తేనెటీగ మీద బతికేది. ఆ ఈగకు దానితో ఎప్పటినుంచో సహవాసం ఉంది. నల్లి దాదాపుగా పోతు ఈగల గదుల్లోనే పిల్లలు పెట్టగలిగేది. ఈగలు కూడా ఒకదాని ఒంటిమీది నల్లిని మరొకటి పట్టి పారేసేవి. మనుషులు పడమటి ఈగను, అంటే మెల్లిఫెరాను, తూర్పుకు తీసుకొచ్చి పుట్ట ఈగల పక్కనే పెట్టాక నల్లి దాని మీదికి దూకింది. ఈ కొత్త ఈగకు ఆ అలవాట్లు అంతగా లేవు, కూలి ఈగల గదుల్లోనూ నల్లి సంతానం పెరిగింది. పెట్టెల రవాణాతోనే అది దేశాలు దాటింది: 1987లో అమెరికా, 1992లో బ్రిటన్, 2000లో న్యూజిలాండ్. ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర బయటపడితే, మరుసటి ఏడాది సెప్టెంబరు నాటికి నిర్మూలన ప్రయత్నమే మానుకున్నారు. మెల్లిఫెరాను పీడించే నల్లి వేరే జాతి అని తేలింది కూడా 2000లోనే. అప్పుడే దానికి 'డిస్ట్రక్టర్' అనే పేరు వచ్చింది.

మన దక్షిణాది కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది మరో రోగం. మెల్లిఫెరా 1960లలోనే పంజాబు ప్రాంతంలో స్థిరపడినా, ఇక్కడి పెంపకందారులు చాలాకాలం పుట్ట ఈగనే నమ్ముకున్నారు. 1991-92 ప్రాంతంలో పిల్ల ఈగలను చంపే థాయి శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో తొంభై శాతానికి పైగా పుట్ట ఈగల కుటుంబాలను తుడిచిపెట్టింది. పెట్టెలు అటకెక్కాయి. ఆ ఖాళీలోకే మెల్లిఫెరా దిగింది. నల్లితో తరాలుగా సర్దుకున్న ఈగ పోయి, నల్లిని తట్టుకోలేని ఈగ మన చేతికొచ్చింది.

నల్లి మందుల చరిత్ర కూడా ఇలాంటిదే. 1980లలో ఫ్లూవాలినేట్ అనే పురుగుమందు పట్టీలు వచ్చాయి, 1990ల తొలినాళ్లకే ఇటలీలో నల్లులు వాటికి లొంగడం మానేశాయి. తర్వాత అమిట్రాజ్ అనే మరో మందు మీద ఆధారపడ్డారు. 2025లో అమెరికాలో భారీగా చనిపోయిన కుటుంబాలను పరీక్షిస్తే నల్లులు దానికీ అలవాటు పడ్డాయని తేలింది. అందుకే చాలామంది ఆక్సాలిక్, ఫార్మిక్ వంటి సేంద్రియ ఆమ్లాల వైపు మళ్లారు.

ఆక్సాలిక్ ఆమ్లం ఈగల ఒంటిమీది నల్లులను బాగా చంపుతుంది. చలి దేశాల్లో శీతకాలంలో రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. గదులు ఖాళీ కావడంతో నల్లికి దాక్కునే చోటు ఉండదు. అక్కడ ఒక్క విడత చాలడానికి కారణం అదే. బెంగళూరులో అలాంటి శీతకాలం ఎక్కడిది? ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు, ఏడాది పొడవునా పిల్లలు. ఎక్కువ నల్లులు మూత కిందే ఉంటాయి. ఆ దేశాల పద్ధతిని ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పేవారి మీద నాకు కోపం వచ్చేది ఇందుకే. రైతు డబ్బూ పోతుంది, నమ్మకమూ పోతుంది.

ఫార్మిక్ ఆమ్లం ఆవిరి మూతలు దాటి వెళ్తుంది. కానీ ఎండ 30 డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా లేచి రాణినే బలిగొనే ప్రమాదం ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరు మధ్యాహ్నాలు ఆ గీత దాటుతాయి. ఇక ఆక్సాలిక్ ద్రావణాన్ని తేనె తీసే అరలు ఉన్నప్పుడు పోయకపోవడమే మంచిది.

మిగిలింది శీతకాలాన్ని మనమే తయారుచేయడం. కూలి ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు, పోతు ఈగకు 24 రోజులు పడుతుంది. అన్ని రోజులు రాణిని గుడ్లు పెట్టనివ్వకుండా చిన్న పంజరంలో ఉంచితే గదులన్నీ ఖాళీ అవుతాయి, నల్లులన్నీ ఈగల ఒంటిమీదికి రాక తప్పదు.

ఆ సాయంత్రం రాణిని వెతకడానికి అరగంట పట్టింది. పంజరంలోకి వదిలి, ఫ్రేముల మధ్య బిగించి, పెట్టె మూత మీద సుద్దతో తేదీ రాశాం. ఇరవై అయిదో రోజున మళ్లీ ఆక్సాలిక్ పోస్తాం. ఆ తర్వాతే రాణిని వదులుతాం.