పాలు పొంగకుండా ఎవరు చూస్తారు?

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగావు కదా, "తాతయ్యా, మీరు ఎనిమిదిమందిట, మా క్లాసులో సగం మందికి తమ్ముడూ లేడు, చెల్లీ లేదు, ఎందుకని?" అని. అరిసెల హడావుడిలో ఆ పూట తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తున్నా. మీ ఫ్రెండ్సుకీ చదివి వినిపించు.

పిల్లల్ని పెంచడమంటే పొయ్యి మీద పాలు పెట్టడమే. పెట్టాక ఎవరో ఒకరు పక్కన ఉండాలి. అటు తిరిగితే చాలు, పొంగిపోతాయి. మా ఇంట్లో అమ్మ దొడ్లోకి వెళ్తే నానమ్మ చూసేది, నానమ్మ కునుకు తీస్తే మేనత్త. ఎవరూ లేకపోతే మా పెద్దక్క. నేను ఏడోవాణ్ణి. నన్ను చంకనేసుకు తిరగడానికి అక్క ఐదో తరగతితో బడి మానేసింది. ఆ సంగతి నాకు ఉద్యోగం వచ్చాకగానీ తట్టలేదు. కాబట్టి ఆ రోజులే బంగారమని నేననను.

కొంతమందికి పాల దగ్గర కూర్చోవడమే ఇష్టం. కొంతమందికి పాలే వద్దు, మనసంతా వేరే పని మీద ఉంటుంది. అది తప్పేం కాదు. ఎక్కువమందికి మాత్రం పాలూ కావాలి, పనీ కావాలి. "నువ్వెళ్లి రా, నేను చూస్తాలే" అనే మనిషి ఉంటే వాళ్లు రెండు గిన్నెలు పెడతారు. లేకపోతే ఒక్కటి. ఇంకొందరు పొయ్యే వెలిగించరు.

దక్షిణ కొరియాలో ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, ఇంటి పని చాలావరకు ఆడవాళ్ల మీదే. 2024 లెక్కన అక్కడ పదిమంది ఆడవాళ్లకు ఏడెనిమిదిమంది పిల్లలే. మన ఆంధ్రలో 2019-21 సర్వే ప్రకారం పదిమందికి పదిహేడుమంది. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఇరవై ఒక్కమంది కావాలి. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన రూలును 2024లో మన ప్రభుత్వమే ఎత్తేసింది!

అయితే మన దగ్గర ఉద్యోగం లేని తల్లులు కూడా ఇద్దరితో ఆపరేషన్ చేయించుకుంటారు. స్కూలు ఫీజుల టెన్షన్ అలాంటిది. పాల గిన్నె పోలిక ఇక్కడ కాస్త మాడిందనుకో.

2017 నుంచి ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల చొప్పున సెలవు ఇవ్వాలని చట్టముంది. 50 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పసిపిల్లల్ని చూసే గది కూడా ఉండాలి. ప్రైవేటు ఉద్యోగం చేసే నాన్నకు మాత్రం అలాంటి చట్టం లేదు.

నా సంగతీ చెప్పాలి. మీ నానమ్మ టీచరు. మీ నాన్న పుట్టాక ఇంకొకరుంటే బాగుండునని తనకుండేది. నేను వాలుకుర్చీలో పేపరు చదువుకుంటూ "ఏమేవ్, మాడు వాసన!" అని కేకేసేవాణ్ణి. లేచేవాణ్ణి కాదు. నీకు బాబాయి, మేనత్త లేకపోవడానికి సగం కారణం ఆ పేపరే.

రేపు పొద్దున మీ ఇంట్లో పాలు పెట్టాక ఎవరు నిలబడతారో చూడు. ఆదివారం మీ నాన్నని నిలబెట్టు, ఫోన్ నీ దగ్గర పెట్టుకో. మీగడ కింద చిన్న బుడగలు లేచి, గిన్నె అంచు దాకా ఒక్కసారిగా ఎగసేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య