ఒకే కేసు, వేర్వేరు బెయిళ్లు: ‘పాత్ర’ దగ్గర తిరిగిన మలుపు

2020 ఢిల్లీ అల్లర్ల వెనుక కుట్ర ఉందన్న కేసులో సుప్రీంకోర్టు 2026 జనవరి 5న ఐదుగురికి బెయిల్ ఇచ్చింది. ఉద్యమకారులు ఉమర్ ఖాలిద్, షర్జీల్ ఇమామ్‌లకు మాత్రం నిరాకరించింది. దాంతో పారిటీ, అంటే నిందితుల మధ్య సమానత్వం, అన్న మాట మళ్లీ చర్చకు వచ్చింది. ఒకే ఎఫ్ఐఆర్‌లో ఉన్నవాళ్లలో కొందరు ఇంటికి, కొందరు జైల్లోనే ఎందుకు? సహనిందితుడికి బెయిల్ వస్తే అదే స్థితిలో ఉన్న మరొకరికీ రావాలన్న సూత్రం పాతదే, దాని పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ అక్కర్లేదు. ఇవాళ్టి తగువుకు అసలు మూలం కచ్ హత్యల కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 20న ఇచ్చిన తీర్పు.

2020 మే 9న గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ఐదుగురు హత్యకు గురయ్యారు. గుజరాత్ హైకోర్టు మొదట ఒక నిందితుడికి బెయిల్ ఇచ్చింది. ఆ ఉత్తర్వు చూపించి మరికొందరు ఒకరి తర్వాత ఒకరు బయటికొచ్చారు. ఆ ఉత్తర్వుల్లో, సవివరమైన కారణాలు రాయాలని న్యాయవాదులు పట్టుబట్టడం లేదన్న వాక్యం కనిపించింది. ఐదు ప్రాణాలు పోయిన కేసులో రాయాల్సిన మాటేనా అది?

ఫిర్యాదుదారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం బెయిళ్లు రద్దుచేసి, నిందితులను లొంగిపొమ్మంది. చేతిలో ఒకేరకం ఆయుధం ఉన్నంత మాత్రాన నిందితులు సమానం కారని, ఘటనలో ఎవరి పాత్ర ఏమిటో, బాధితుల విషయంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడాలని చెప్పింది. లాయర్లు ఒప్పుకున్నా కారణాలు రాసే బాధ్యత జడ్జికి తప్పదని కూడా స్పష్టం చేసింది.

నిందితుడి నేరచరిత్రను పక్కనపెట్టి పారిటీ ఇవ్వడం కుదరదని నీరూ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఒకరికి పొరపాటున దక్కిన మేలును ఇంకొకరు హక్కుగా అడగలేరని 2023లో తరుణ్ కుమార్ కేసులో, అదీ మనీ లాండరింగ్ కేసులో, అంది. కానీ వాదనలన్నీ ‘పాత్ర’ అన్న ఒక్క మాట చుట్టూ తిరగడానికి కచ్ తీర్పే కారణం.

ఆ తీర్పు న్యాయమైనదే. చిక్కల్లా అది ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లోకి, ఢిల్లీ అల్లర్ల కేసులాంటివాటిలోకి, వచ్చినప్పుడే. బెయిల్ దశలో సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ జరగదు. ఎవరి పాత్ర ఏమిటన్నది పోలీసులు రాసిన చార్జిషీటులోనూ, వాళ్లు నమోదు చేసిన వాంగ్మూలాల్లోనూ ఉంటుంది. ఉపా 43డి(5) కింద ఆ ఆరోపణలు పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ రాదు. ఆ దశలో సాక్ష్యాలను లోతుగా తూచవద్దని సుప్రీంకోర్టు 2019 వటాలీ తీర్పు కట్టడి చేసింది. అంటే సహనిందితుల్లో ఎవరు సమానమో తేల్చే తక్కెడ ప్రాసిక్యూషన్ చేతిలోనే ఉంటుంది.

కచ్ తీర్పు వచ్చిన రెండు నెలలకే, 2021 జూన్ 15న, ఢిల్లీ హైకోర్టు ఇదే అల్లర్ల కేసులో నతాషా నర్వాల్, దేవాంగన కలితా, ఆసిఫ్ ఇక్బాల్ తన్హాలకు బెయిల్ ఇచ్చింది. మూడు రోజుల్లోనే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, బెయిళ్లను కదిలించకుండానే, ఆ తీర్పును వేరే కేసుల్లో నజీరుగా (అనుసరించాల్సిన ముందటి తీర్పుగా) వాడొద్దంది. 2023 మేలో పోలీసుల అప్పీళ్లను కొట్టేస్తూ, సహనిందితుడికి పారిటీ వాదన అందుబాటులో ఉంటే వినిపించుకోవచ్చని చెప్పింది.

ఖాలిద్ పక్షం పట్టుకున్నది ఆ తలుపునే. బెయిల్ వచ్చినవాళ్లూ అవే వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారని, అల్లర్లప్పుడు తాను ఢిల్లీలోనే లేనని, తన దగ్గర ఏమీ దొరకలేదని వాదించారు. 2020 సెప్టెంబరులో అరెస్టయిన మనిషి విచారణ మొదలుకాకుండానే ఐదేళ్లు జైల్లో గడిపారని గుర్తుచేశారు. ఆయన ప్రధాన కుట్రదారు అన్నది పోలీసుల వాదన. హైకోర్టు 2025 సెప్టెంబరు 2న పారిటీని ఒప్పుకోలేదు. జనవరిలో సుప్రీంకోర్టూ పాత్రల్లో అంతస్తులు చూసింది: పథకం వేసినవారు వేరు, కింద అమలుచేసినవారు వేరు.

గుర్తింపు దాచి రక్షణ కల్పించిన సాక్షుల విచారణ ముగిశాక గానీ, ఏడాది తర్వాత గానీ ఆ ఇద్దరూ మళ్లీ బెయిల్ అడగొచ్చని కోర్టు చెప్పింది. ఈలోగా సాక్షులు బోనెక్కకపోతే, అప్పుడు కూడా కోర్టు ముందుండేది ఇదే చార్జిషీటు.