పిన్‌ఫైర్ రివాల్వర్లు: అపోహలు - వాస్తవాలు

పాత తుపాకులను భద్రపరచడం నా పని. పక్కకు పిన్ను పొడుచుకొని ఉండే తూటాలతో పేలే పాతకాలపు పిన్‌ఫైర్ రివాల్వర్ చేతికి వస్తే "ఇందులో ఏదో ఊడిపోయింది" అనేవాళ్లే ఎక్కువ. ఆ అనుమానంతో రిపేర్లు చేయించి, నిక్షేపంలాంటి వస్తువులను పాడు చేస్తున్నారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

అపోహ: హ్యామర్‌కి (ట్రిగ్గర్ నొక్కితే పడి కొట్టే భాగం) ఉండాల్సిన మొన విరిగిపోయింది.
వాస్తవం: దానికి మొన అసలు ఉండదు. పిన్ను ఉండేది తూటాలోనే. ఇత్తడి తూటా అడుగుభాగంలో, పక్క నుంచి సన్నని పిన్ను పైకి పొడుచుకొని ఉంటుంది. దాని లోపలి కొసకు ఎదురుగా, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న క్యాప్ ఉంటుంది. హ్యామర్ పైనుంచి పడి పిన్నును కొట్టగానే అది క్యాప్‌కు గుచ్చుకుని మందు అంటుకుంటుంది. సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) వెనక అంచున ఒక్కో తూటాకు ఒక్కో గాడి కనిపిస్తుంది. అది అరుగుదల కాదు, పిన్ను కూర్చునే చోటు. పిన్ను సరిగ్గా ఆ గాడిలోకి వచ్చేలా పెడితేనే తూటా లోపలికి వెళుతుంది. దయచేసి ఆ గాళ్లను వెల్డింగ్‌తో పూడ్చకండి.

అపోహ: ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే రక్షణ వలయం) పోయింది.
వాస్తవం: జేబు సైజు మోడళ్లలో చాలావాటికి గార్డ్ పెట్టనే లేదు. ట్రిగ్గర్ ముందుకు మడుచుకుంటుంది.

అపోహ: లెఫోషో పేరుంటే ప్యారిస్‌లో ఆయన షాపులో చేసిందే.
వాస్తవం: ఫ్రెంచ్ తుపాకుల తయారీదారు యూజీన్ లెఫోషో ఈ రివాల్వర్‌కి 1854లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పద్ధతిలో బెల్జియంలోని లియేజ్ పనివాళ్లు లెక్కలేనన్ని చేశారు. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ.ఎల్.జి. అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే అది లియేజ్ పరీక్షా ముద్ర. పైన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాత వేసినది. కొనేముందు పేరు కన్నా ముందు ఈ ముద్ర వెతకండి.

అపోహ: ఇవి అలంకారానికే, యుద్ధానికి పనికిరావు.
వాస్తవం: 12 మి.మీ. మోడల్‌ను ఫ్రెంచ్ నౌకాదళం 1858లో తీసుకుంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం దాదాపు 12,000 కొన్నది. చిన్నవీ తక్కువేం కాదు. 1873 జూలై 10న బ్రసెల్స్‌లో కవి వెర్లేన్, తన మిత్రుడు రాంబో మణికట్టుపై కాల్చింది 7 మి.మీ. పిన్‌ఫైర్‌తోనే.

అపోహ: ఇంత పాతది ఇక పేలదు.
వాస్తవం: సిలిండర్ అంచున పిన్ను పైకి కనిపిస్తే లోపల తూటా ఉన్నట్టే. ఆ పిన్నుకు గట్టి దెబ్బ తగిలితే ఇప్పటికీ పేలవచ్చు. పిన్ను కనిపించకపోయినా ఖాళీ అని నమ్మకండి, అది విరిగిపోయి ఉండొచ్చు. తట్టడం, నూనె పోసి లాగడం లాంటివేవీ చేయకుండా లైసెన్స్ ఉన్న ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి.