స్టాండప్, స్కిట్ కలిసిన టీవీ కామెడీ: అపోహలు - వాస్తవాలు

ఒక కమెడియన్ వేదిక మీద మైకు పట్టుకొని కొంతసేపు మాట్లాడతాడు, మధ్యలో నటులు ఆడిన చిన్న స్కిట్ వస్తుంది, మళ్లీ మాటలు కొనసాగుతాయి. టీవీలో ఈ తరహా కార్యక్రమాలకు స్క్రిప్టు రాసేవాళ్లకు ప్రేక్షకుల నుంచీ, కొత్తగా రాయడానికి వచ్చేవాళ్ల నుంచీ, ఒక్కోసారి డబ్బు పెట్టేవాళ్ల నుంచీ కూడా తరచుగా వినబడే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే: ఇవి రెండు వేరు వేరు వినోదాలనీ, పక్కపక్కన పెడితే కార్యక్రమం దానంతట అదే తయారవుతుందనీ నమ్మడం. నేను చూసినంతలో ఈ పనిలో అసలు కష్టమంతా ఏది చెప్పాలి, ఏది ఆడించాలి అని తేల్చుకోవడంలోనే ఉంది.

అపోహ: వేదిక మీద పేలిన జోకునే నటుల చేత ఆడిస్తే స్కిట్ అవుతుంది.

వాస్తవం: కొత్త రచయితలు తెచ్చే స్క్రిప్టులు చాలావరకు ఈ నమ్మకం మీదే నిలబడి ఉంటాయి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చూడాలి. చెప్పిన జోకులో అతిశయోక్తి వినేవాడి ఊహలో ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఎదురుచూడడం గురించి ఒక కమెడియన్ మాట్లాడుతున్నాడనుకుందాం. ‘నేను ఫోన్ చేసినప్పుడు మా అబ్బాయికి పాలపళ్లు ఊడుతున్నాయి, అవతలివాళ్లు హలో అనేసరికి వాడికి జుట్టు ఊడుతోంది’ అంటే హాలు నవ్వుతుంది. దానికి కొన్ని సెకన్లు చాలు, సెట్టు అక్కర్లేదు. ఇదే మాటను ఉన్నదున్నట్టు ఆడించామనుకోండి: ఫోన్ పట్టుకున్న తండ్రి, పక్కన పిల్లవాడు, తర్వాతి షాటులో తండ్రికి నెరిసిన గడ్డం, కొడుక్కి బట్టతల. ప్రేక్షకుడికి విషయం ముందే తెలిసిపోయింది గనుక అతని దృష్టి విగ్గు సరిగ్గా అతుక్కుందా లేదా అన్న దాని మీదికి పోతుంది.

అదే అంశం స్కిట్‌గా నిలబడాలంటే జోకులో లేని ఒక వింత నియమం కావాలి. ఆ ఫోన్ క్యూలో వచ్చిన నంబరు ఆ ఇంట్లో ఆస్తిగా మారిందనుకుందాం. ఆసుపత్రి మంచం మీదున్న తండ్రి కొడుకులిద్దరినీ పిలిచి, ‘మనం ఇప్పుడు నాలుగో నంబరులో ఉన్నాం, పెద్దాడా, ఇక నువ్వే చూసుకోవాలి’ అంటాడు. చిన్నవాడు తన వాటా తేల్చమంటాడు. అప్పు ఇచ్చినవాడు ఆ నంబరును తాకట్టు పెట్టమంటాడు. లాయరు కాగితాలతో దిగుతాడు. అందరూ కొట్టుకుంటున్న సమయానికి ఫోన్‌లోంచి ‘చెప్పండి సార్, మీ సమస్య ఏమిటి’ అని గొంతు వినబడుతుంది, ఆ సమస్య ఏమిటో గదిలో ఒక్కరికీ గుర్తుండదు. జోకు ఒక వాక్యంతో ముగిసిపోతుంది. స్కిట్‌కు మాత్రం ఆ నియమాన్ని నిజంగా నమ్మి బతికే మనుషులు కావాలి, ఆ నమ్మకం నిమిషం నిమిషానికీ ముదరాలి. కమెడియన్ ముందే జోకు చెప్పేసి ఉంటే స్కిట్ ఆ జోకు ఆగిన చోటి నుంచి మొదలు కావాలి తప్ప దాని మొదటి మెట్టు నుంచి కాదు.

చెప్పిందే ఆడించి మెప్పించిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. అమెరికన్ కమెడియన్ డేవ్ షపెల్ నడిపిన ‘షపెల్స్ షో’లో 2004లో చార్లీ మర్ఫీ అనే కమెడియన్, గాయకుడు రిక్ జేమ్స్‌తో తనకున్న పాత అనుభవాలను కెమెరా వైపు చూస్తూ చెబుతుంటే, షపెల్ రిక్ జేమ్స్ వేషంలో ఆడిన దృశ్యాలు ఆ మాటల వెంటే వచ్చాయి. అయితే అసలు రిక్ జేమ్స్ కూడా ఆ భాగంలో కూర్చొని తన వాదన వినిపించాడు. పరాయి ఇంటి సోఫా మీద కావాలని బూట్లు రుద్దడానికి నాకేం పని అన్న మనిషే మరుక్షణంలో, అవును, రుద్దిన సంగతి గుర్తుంది అని ఒప్పుకున్నాడు. అక్కడ నవ్వు పుట్టింది ఆ నటన ఒక్కదానిలోంచే కాదు, చెప్పినవాడికీ చూపించినదానికీ కాదన్నవాడికీ మధ్య పొత్తు కుదరకపోవడంలోంచి కూడా.

అపోహ: వేదిక మీది మాటలు స్కిట్‌కూ స్కిట్‌కూ మధ్య ఖాళీ నింపే యాంకరింగ్ మాత్రమే.

వాస్తవం: ఆ మాటలు ప్రేక్షకుడికి ఒక చూపును ఇస్తాయి. బీబీసీలో 1971 నుంచి 1979 వరకు వచ్చిన ‘డేవ్ అలెన్ ఎట్ లార్జ్’లో ఐర్లండ్‌కు చెందిన డేవ్ అలెన్ ఎత్తయిన కుర్చీలో గ్లాసు పట్టుకొని కూర్చొని, మతం గురించీ మర్యాదల గురించీ తీరిగ్గా మాట్లాడేవాడు. ఆ తర్వాత పోప్ వేషంలోనో ఫాదిరీ వేషంలోనో మూగ దృశ్యం వచ్చినా ఎవరిని చూసి, ఎందుకు నవ్వాలో ప్రేక్షకుడికి మళ్లీ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే అలెన్ కళ్లతో చూడడం అప్పటికే అలవాటై ఉంటుంది. ‘కీ అండ్ పీల్’ అనే అమెరికన్ కార్యక్రమం 2012లో మొదలైనప్పుడు ఇద్దరు కమెడియన్లూ హాల్లోని జనం ముందు నిలబడి స్కిట్‌లను పరిచయం చేసేవారు. 2014లో నాలుగో సీజన్ నుంచి ఆ వేదికను తీసేసి, ఇద్దరూ కారులో వెళుతూ మాట్లాడుకునే దృశ్యాలు పెట్టారు. వేదిక పోయింది కానీ మాటలు ఉండిపోయాయి, ఎందుకంటే వాటి అవసరం తీరలేదు.

దీనికి తిరగబడిన ఉదాహరణ బీబీసీ టూలో 2009లో మొదలైన ‘స్టూవర్ట్ లీస్ కామెడీ వెహికిల్’. మొదటి సిరీస్‌లో స్టాండప్ మధ్యలో స్కిట్‌లు వచ్చేవి. 2011 నాటి రెండో సిరీస్‌కు అవి బాగా తగ్గి, వాటి బదులు హాస్య రచయిత అర్మాండో యనూచీ, కమెడియన్ స్టూవర్ట్ లీని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీసే భాగాలు వచ్చాయి. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయం. ఒకే మాటను తిప్పి తిప్పి అని ప్రేక్షకుడి ఓపికను సాగదీయడం లీ పద్ధతి, ఆ సాగుతున్న దారం మధ్యలో స్కిట్ వచ్చి పడితే తెగిపోతుంది. ఈ రెండు రూపాలనూ కలపడం ప్రతి కమెడియన్‌కూ నప్పదని ఒప్పుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

అతుకు పడే చోట ఇంకొక చిన్న సంగతి ఉంది. కమెడియన్ చివరి మాటకు హాలు గట్టిగా నవ్వుతుండగా స్కిట్‌లోకి కట్ చేస్తే, స్కిట్‌లోని మొదటి డైలాగు ఆ నవ్వులో మునిగిపోతుంది. అందుకే స్కిట్ మొదట్లో మాటలు లేని రెండు మూడు సెకన్ల షాటు ఒకటి రాసుకుంటాం: తలుపు తెరుచుకోవడం, ఎవరో కుర్చీ లాక్కోవడం, అంతే. ఎడిటింగ్‌లో అది అనవసరమని కోసేసే దర్శకులు ఉన్నారు, వాళ్లతో వాదించక తప్పదు.

అపోహ: మంచి స్టాండప్ కమెడియన్ స్కిట్‌లో కూడా బాగా నటిస్తాడు.

వాస్తవం: కొందరు నటిస్తారు, కానీ ఆ రెండు నైపుణ్యాలూ ఒకదానికొకటి అడ్డు వస్తాయి. స్టాండప్‌లో ఎదురుగా ఉన్న జనమే సంభాషణలో అవతలి వ్యక్తి, కాబట్టి కమెడియన్ వాళ్ల నవ్వు కోసం ఆగడం, వాళ్ల ముఖాలు చూడడం నేర్చుకొని ఉంటాడు. స్కిట్‌లో అదే అలవాటుతో ఆగితే పాత్ర పోయి కమెడియన్ మిగులుతాడు. ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే అమెరికన్ కామెడీ కార్యక్రమం 1975 అక్టోబరు 11న మొదలైనప్పుడు హోస్ట్‌గా వచ్చిన జార్జ్ కార్లిన్ తన స్టాండప్ భాగాలు చేశాడే గాని స్కిట్‌లలో వేషం వేయలేదు. ఆయనంతటి కమెడియన్ కార్యక్రమంలో అది లోటుగా ఎవరికీ అనిపించనక్కర్లేదు. మేము సాధారణంగా పాటించే ఉపాయం ఏమిటంటే, కమెడియన్‌కు స్కిట్‌లో వింత మనిషి పాత్ర కాకుండా ఆ వింతను చూసి బిత్తరపోయే మామూలు మనిషి పాత్ర ఇవ్వడం. పైన చెప్పిన ఫోన్ క్యూ స్కిట్‌లో అయితే, ‘ఫోన్ పెట్టేసి మళ్లీ చేయొచ్చు కదా’ అని అడిగి అందరి చేతా తిట్లు తినే నర్సు పాత్ర అన్నమాట. వేదిక మీద లోకాన్ని చూసి ఆశ్చర్యపోయే మనిషే స్కిట్‌లోనూ ఆశ్చర్యపోతాడు గనుక అతను కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

అపోహ: వినబడే నవ్వంతా రికార్డు చేసి పెట్టుకున్నదే.

వాస్తవం: ఈ అనుమానానికి చారిత్రక కారణం ఉంది. ఛార్లీ డగ్లస్ అనే అమెరికన్ సౌండ్ ఇంజినీరు 1950లలో ‘లాఫ్ బాక్స్’ అనే యంత్రం తయారు చేశాడు. రకరకాల నవ్వుల టేపులను మీటలు నొక్కి వాయించే ఆ పెట్టె నవ్వే చాలా ఏళ్ల పాటు ఎన్నో సీరియళ్లలో వినబడింది. స్టాండప్ కలిసిన కార్యక్రమాల్లో మాత్రం హాల్లో నిజంగానే జనం ఉంటారు. స్కిట్‌లను ముందే చిత్రీకరించి, రికార్డింగ్ రోజున కమెడియన్ మాటల మధ్య వాటిని తెర మీద చూపించి, అప్పుడు వచ్చిన నవ్వునే సౌండ్ ట్రాక్‌లో కలుపుతారు. ‘షపెల్స్ షో’ నడిచింది ఈ పద్ధతిలోనే.

అయితే ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటి ఉంది. ఎదురుగా నిలబడిన మనిషి జోకుకు నవ్వినంత గట్టిగా జనం తెర మీది బొమ్మకు నవ్వరు. కమెడియన్ చెప్పినప్పుడు హోరెత్తిన హాలు స్కిట్ మొదలవగానే చల్లబడినట్టు వినబడుతుంది, ఇంట్లో చూసేవాడికి స్కిట్ బాగాలేదన్న అనుమానం వస్తుంది. అందుకే ఎడిటింగ్‌లో రెండింటి నవ్వు స్థాయినీ కొంత సర్దుతారు. లేని నవ్వును తెచ్చి అతికించడం, ఉన్న నవ్వును సర్దడం ఒకటి కాదని నా అభిప్రాయం, అయినా ఆ గీత ఎక్కడుందో ప్రతి ఎడిటరూ ఒకేలా చెప్పడు.

అపోహ: ఇదంతా అప్పటికప్పుడు పుట్టే హాస్యం.

వాస్తవం: అలా కనిపించేలా రాస్తాం. ‘సాటర్‌డే నైట్ లైవ్’లో ప్రత్యక్ష ప్రసారానికి ముందు అదే సాయంత్రం వేరే ప్రేక్షకుల ముందు డ్రెస్ రిహార్సల్ జరుగుతుంది, అక్కడ నవ్వు రాని స్కిట్‌లు ప్రసారానికి చేరవు. స్టాండప్ భాగానికి ఆ వెసులుబాటు ఇంకా ఎక్కువ, ఎందుకంటే కమెడియన్ ఆ మాటలనే చిన్న వేదికల మీద రాత్రుల తరబడి చెప్పి, పనిచేయనివి తీసేసి ఉంటాడు. ముందే చిత్రీకరించే స్కిట్‌కు అలాంటి అవకాశం ఉండదు: సెట్టు వేసిన రోజున తీసినదే ఉంటుంది, తర్వాత సరిదిద్దుకోవాలంటే కత్తెర ఒక్కటే దిక్కు. ఒకే అరగంటలో ఎంతో అరగదీసిన మాటలూ, ఇంకా పచ్చిగా ఉన్న దృశ్యాలూ పక్కపక్కన వస్తాయి కాబట్టి ఆ తేడా కనబడకుండా స్కిట్‌లను ఎక్కువ తీసి, బలహీనమైనవి వదిలేయడం తప్పనిసరి అవుతుంది.

అపోహ: ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన కొత్త పద్ధతి.

వాస్తవం: కాదు. 1950లో అమెరికాలో మొదలైన కార్యక్రమంలోనే కమెడియన్ జార్జ్ బర్న్స్ తన ఇంటి కథలోంచి బయటికి వచ్చి, ప్రేక్షకులతో నేరుగా నాలుగు మాటలు చెప్పి మళ్లీ కథలోకి వెళ్లేవాడు.

అపోహ: ఖర్చు తగ్గించడానికే స్టాండప్ కలుపుతారు.

వాస్తవం: ఇందులో సగం నిజమే. మైకు, వేదిక ఉంటే ఐదు నిమిషాలు నిండుతాయి, అదే ఐదు నిమిషాల స్కిట్‌కు లొకేషన్, దుస్తులు, నటులు, ఒక రోజు షూటింగ్ కావాలి. కానీ ఆ లెక్క ఒక్కటే చూసుకొని పెట్టిన స్టాండప్ ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

అపోహ: స్కిట్‌ను విడదీసి క్లిప్‌గా పెట్టినా అర్థం మారదు.

వాస్తవం: మూసల మీద, అంటే ఫలానావాళ్లంతా ఇలాగే ఉంటారన్న ముద్రల మీద, వ్యంగ్యం చేసినప్పుడు తప్పకుండా మారుతుంది. షపెల్ 2005లో మూడో సీజన్ పని మధ్యలో వదిలి వెళ్లిపోయాడు. జాతి మూసలను ఎగతాళి చేసిన ఒక స్కిట్ చిత్రీకరణలో ఒక వ్యక్తి నవ్విన తీరు తనను కలవరపెట్టిందని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మూసను చూసి నవ్వుతున్నారా, మూసలోని మనిషిని చూసి నవ్వుతున్నారా అన్నదే ఆయన అనుమానం. మిగిలిపోయిన స్కిట్‌లను 2006లో ఆయన లేకుండానే, వేదిక మీద వేరేవాళ్లను నిలబెట్టి ప్రసారం చేశారు, కానీ ఆ స్కిట్‌ల పక్కన ఉండవలసిన చూపు ఆయనది. క్లిప్‌గా వెళ్లే ప్రతి స్కిట్‌కూ ఇదే పరిస్థితి ఎదురవుతుంది, కాబట్టి ఇప్పుడు మేము రెండు కూర్పులు తయారు చేస్తాం. ప్రసారానికి వెళ్లేదానిలో కమెడియన్ మాట తర్వాత స్కిట్ నేరుగా మొదలవుతుంది. క్లిప్‌గా వెళ్లేదానికి మాత్రం ఆ మాటలోని చివరి రెండు వాక్యాలను కోయకుండా ముందు ఉంచుతాం, దానివల్ల నిడివి పెరుగుతుందని ఎంత ఒత్తిడి వచ్చినా సరే.